డెట్రాయిట్ కారుకు తైవాన్ రేకు

2011లో ఫోర్డ్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. 1960ల నాటి తొలితరం మస్టాంగ్ కన్వర్టిబుల్ బాడీ మళ్లీ సరికొత్తగా దొరుకుతుందనీ, ధర 15 వేల డాలర్ల దగ్గర మొదలవుతుందనీ దాని సారాంశం. తలుపులు, డిక్కీ మూత, అడుగు రేకు అన్నీ అందులోనే ఉంటాయి. బానెట్, ముందు ఫెండర్లు మాత్రం విడిగా కొనుక్కోవాలి. ఇంజిను, గేరుబాక్సు, సీట్లు, వైరింగు పాత కారులోంచి విప్పి దీనికి బిగించుకోవాలి. బాడీని తయారుచేసేది ఫోర్డ్ కాదు. ఫోర్డ్ ఆమోదముద్రతో కాలిఫోర్నియాకు చెందిన డైనాకార్న్ సంస్థ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ సంస్థ రేకులు తయారయ్యేది తైవాన్‌లో. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో కళ్లు చెదరగొట్టిన కారు అర్ధశతాబ్దం నిండకముందే సముద్రం అవతల పుట్టి స్వదేశానికి చేరిందన్నమాట.

పాత అమెరికన్ కారును బాగుచేయించాలనుకునే ఎవరికైనా ఈ సముద్రం అడ్డొస్తుంది. ఒహాయోలో ఉన్నవాళ్లకు తైవాన్, ఆస్ట్రేలియా విదేశాలు. స్టాక్‌హోంలోనో సిడ్నీలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లకు అమెరికాయే విదేశం. ఏ భాగం ఏ దేశం నుంచి తెప్పించాలి, ఏది తెప్పిస్తే డబ్బు దండగ, ఏది తెప్పిస్తే ప్రాణానికే ముప్పు అన్న విషయాల్లో ఈ రంగంలో ఉన్నవాళ్ల మధ్య గట్టి వాదాలే నడుస్తుంటాయి. ధర గురించి, నాణ్యత గురించి ఎంతైనా మాట్లాడతారు. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: షెడ్డులో ఉన్న కారు అసలు ఏమిటి? ఏ ఊరి ఫ్యాక్టరీలో, ఏ నెలలో, ఏ దేశపు అమ్మకాల కోసం, ఏ ఇంజినుతో తయారైంది? ఇది తేలకుండా పెట్టిన ఆర్డరు పక్కవీధి దుకాణంలోనైతే ఒక పూట నష్టంతో పోతుంది. పదివేల మైళ్ల అవతలి నుంచైతే రానుపోను రవాణా, సుంకం, మూడు నెలల ఎదురుచూపు అన్నీ కలిపి ఆ పొరపాటు వస్తువు ఖరీదును మించిపోతుంది.

ఏ కారుకు సామాను దొరుకుతుందన్నది ఆ కారు గొప్పతనాన్ని బట్టి ఉండదు, ఎంతమంది దాన్ని ప్రేమించారన్న దాన్ని బట్టి ఉంటుంది. మస్టాంగ్ తొలి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1966 మార్చికల్లా 10 లక్షల మార్కు దాటింది. చెవ్రొలెట్ 1957లో సుమారు 15 లక్షల కార్లు తయారుచేసింది. 1955, 56, 57 సంవత్సరాల ఈ చెవ్రొలెట్ల కోసమే పుట్టి బతుకుతున్న కంపెనీలు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని డాన్‌చక్ వాటిలో పేరున్నది. గ్రిల్లు, ఎంబ్లెమ్, తలుపు పిడి, గడియారపు అద్దం, సీటు గుడ్డ ఏదడిగినా కేటలాగులో పేజీ చూపిస్తారు. కేటలాగు ఒక్కదానితోనే మొత్తం కారు నిలబెట్టవచ్చంటే పెద్ద అతిశయోక్తి కాదు. అదే కాలంలో ఇంజనీర్లు ఆరాధించిన హడ్సన్ హార్నెట్ ఉంది. 1950ల మొదట్లో స్టాక్ కార్ పందేలను ఏలిన కారు. దాని యజమానికి మాత్రం కేటలాగు కన్నా అభిమానుల సంఘమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఒక అంచు పట్టీ కోసం ఏళ్లు వెతికేవాళ్లు ఆ సంఘాల్లో కనిపిస్తారు.

ఈ సూత్రానికి ఒక అందమైన మినహాయింపు స్టూడ్‌బేకర్. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ ఫ్యాక్టరీ 1963 డిసెంబరులో మూతపడింది. కెనడాలోని హామిల్టన్‌లో 1966 మార్చిదాకా ఊపిరి పోసుకుని ఆ పేరు కార్ల ప్రపంచం నుంచి నిష్క్రమించింది. పోతూ పోతూ కొండంత విడిభాగాల నిల్వను వదిలివెళ్లింది. సౌత్ బెండ్ డీలర్లు న్యూమన్, ఆల్ట్‌మన్ ఆ నిల్వను చేతుల్లోకి తీసుకుని దశాబ్దాలపాటు అమ్మారు. అందుకే చచ్చిపోయిన కంపెనీ కారుకు, బతికున్న కంపెనీల కార్లకు దొరకని అసలు సామాను నేటికీ దొరుకుతోంది. మనదేశంలో హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పాడాలో స్టూడ్‌బేకర్లను కూర్చి అమ్మింది కాబట్టి, ఇక్కడ మిగిలిన కొద్దిపాటి కార్లకు కూడా ఆ నిల్వే దిక్కు.

ఇక తైవాన్ సంగతి. అమెరికన్ పాతకార్ల రేకు వ్యాపారం ఎక్కువగా అక్కడికి ఎందుకు చేరిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ప్రమాదానికి గురైన కొత్త కార్లకు ఫెండర్లు, బానెట్లు, బంపర్లు తయారుచేసే పరిశ్రమ తైవాన్‌లో ముందే బలంగా ఉంది. పెద్ద ప్రెస్సులు, రేకును నొక్కే అచ్చులైన డైలు చెక్కే పనివాళ్లు, చిన్న మోతాదుకు కూడా ఒప్పుకునే ఫ్యాక్టరీలు ఉన్నాయి. డెట్రాయిట్ తన పాత డైలను చాలామటుకు కరిగించేసింది లేదా పారేసింది. అందువల్ల అసలు రేకు ఒకటి సంపాదించి, దాని కొలతలు తీసి, కొత్త డై చెక్కి అచ్చొత్తుతారు. కొలతకు తీసుకున్న రేకే వంకరగా ఉంటే పిల్లలన్నీ అదే వంకరతో పుడతాయి. ఈ ఒక్క కారణంతోనే ఒకే పేరుతో అమ్ముడయ్యే రెండు బ్రాండ్ల ఫెండర్లలో ఒకటి తలుపు పక్కన చక్కగా కూర్చుంటుంది, ఇంకొకటి పావు అంగుళం సందు వదులుతుంది.

డెంటింగ్ పనిలో ఆరితేరిన వాళ్లు ఈ రేకులను కొట్టిపారేయరు. వాళ్ల ఫిర్యాదులు కచ్చితంగా ఉంటాయి. బాడీ మీద నడిచే గీత అసలు దానిలో కత్తి అంచులా ఉంటే కొత్తదానిలో మొద్దుబారి ఉంటుంది. బోల్టు రంధ్రాలు అర అంగుళం పక్కకు పోతాయి. మడత అంచులు సమంగా ఉండవు. రవాణాలో తుప్పు పట్టకుండా పూసే నల్లటి పూత మీదే రంగు వేసేయవచ్చా, దాన్ని గీకి మళ్లీ ప్రైమర్ కొట్టాలా అన్నది ఇంకో తగువు. అనుభవజ్ఞుల సలహా ఒకటే: కొత్త రేకుకు రంగు వేసేముందు దాన్ని కారుకు తగిలించి, తలుపు, బానెట్, బంపరు అన్నీ బిగించి చూడాలి. రంగు పడ్డ రేకును ఎవరూ వెనక్కు తీసుకోరు. పని గంటలు లెక్కేస్తే, 300 డాలర్ల ఫెండరును సరిచేయడానికి వెయ్యి డాలర్ల కూలీ అయ్యే సందర్భాలు వస్తాయి. పాత రేకులో కుళ్లిన భాగం మాత్రమే కోసి అతికించడం మేలని వాదించేవాళ్ల బలం అక్కడే ఉంది. వంతెన కింద నీళ్లలో మునిగిన కారుకైతే ఆ వాదం నిలవదు. తుప్పు ఎంత లోతుకు దిగిందో చూసి తేల్చుకోవాల్సిన విషయం ఇది.

పూర్తి బాడీ కొనేవాళ్లకు ఇంకో చిక్కు, ఇది రేకుకు సంబంధించింది కాదు. తొలితరం మస్టాంగ్‌లో గుర్తింపు సంఖ్య ఎడమవైపు ఇంజిను పక్క రేకు మీద కొట్టి ఉంటుంది. పాత బాడీ పారేసి కొత్త బాడీ తెస్తే ఆ సంఖ్య ఎక్కడికి పోవాలి? అమెరికాలో గుర్తింపు సంఖ్యను తొలగించడం, మార్చడం ఫెడరల్ నేరం. మరమ్మతుకు సంబంధించిన మినహాయింపులు పరిమితం. కొత్త బాడీకి ఏ సంవత్సరపు కారుగా రిజిస్ట్రేషన్ ఇవ్వాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొనేముందే తమ రాష్ట్ర నిబంధన చదవని వాళ్లు, అద్భుతంగా తయారైన కారును రోడ్డెక్కించలేక తల పట్టుకుంటారు.

కొత్తగా తయారైనదాన్ని నమ్మనివాళ్లు పాత కొత్తసామాను వైపు వెళ్తారు. అంటే ఆ కాలంలోనే కంపెనీ తయారుచేసి, అమ్ముడుపోకుండా డీలరు గోదాంలో పెట్టెలోనే మిగిలిపోయిన భాగం. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ప్రతి అక్టోబరులో జరిగే సంత ఇలాంటి సామానుకు తీర్థం వంటిది. యూరప్ నుంచి కూడా జనం విమానమెక్కి వస్తారు. ఈ సామాను మీద ఉన్న భక్తి ఒక్కోసారి వివేకాన్ని దాటిపోతుంది. ఇనుము, ఇత్తడి, గాజు, క్రోమ్ విషయంలో పాతదే మేలు. ఇగ్నిషన్‌లో పనిచేసే పాయింట్లు, కండెన్సర్ల విషయంలో కూడా చాలామంది మెకానిక్కులు ఇప్పటి చవక సామాను కన్నా పాత పెట్టెనే నమ్ముతారు, వాళ్ల అనుభవం దానికి ఆధారం. రబ్బరు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అరవై ఏళ్లు పెట్టెలో పడుకున్న బ్రేకు గొట్టం పైకి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల పొడిబారి ఉంటుంది. బ్రేకు సిలిండరు కప్పులు, ఇంధనపు పంపు పొర, టైర్లు ఇవన్నీ ఎంత అసలైనవైనా వాడకూడనివి. తలుపు రబ్బర్ల కోసం నార్త్ కరోలినాలోని స్టీల్ రబ్బర్ లాంటి సంస్థలు, పాతకాలపు తెల్లంచు టైర్ల కోసం టెనెసీలోని కోకర్ టైర్ ఉండగా, పాత రబ్బరును పూజించడానికి కారణమే లేదు. బ్రేకుల దగ్గర చవక కూడా చూడకూడదు, పురాతనమూ చూడకూడదు.

ఇక్కడిదాకా చెప్పిందంతా అమెరికా కేటలాగుల చుట్టూ తిరిగింది. అసలు ఆసక్తికరమైన వేట మొదలయ్యేది అమెరికన్ కార్లు ఇతర దేశాల్లో వేసిన వేళ్ల దగ్గర.

ఫోర్డ్ ఫాల్కన్‌ను తీసుకోండి. 1960 మోడలుగా అమెరికాలో పుట్టిన ఈ చిన్నకారు అక్కడ పదేళ్లకే ఆగిపోయింది. అర్జెంటీనాలో 1962లో మొదలై 1991 దాకా తయారైంది. ఆస్ట్రేలియాలో ఆ పేరు మారుతూ పెరుగుతూ 2016 అక్టోబరు దాకా బతికింది. తొలి మస్టాంగ్‌లో చవక మోడలుకు పెట్టిన ఆరు సిలిండర్ల ఇంజిను ఈ ఫాల్కన్ కుటుంబానిదే. ఆ ఇంజినుకు పుట్టుకతో ఒక లోపం ఉంది: గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే మానిఫోల్డు సిలిండర్ హెడ్డుతో కలిసి ఒకే పోతగా వచ్చింది. విప్పి పెద్దది పెట్టుకునే వీలు లేదు, అందువల్ల బలం పెంచడానికి దారి మూసుకుపోయింది. అమెరికాలో ఫోర్డ్ దాన్ని అలాగే వదిలేసింది. ఆస్ట్రేలియాలో మాత్రం 1970ల మొదట్లో 250 ఘనపు అంగుళాల ఇంజినుకు విడిగా బిగించే మానిఫోల్డుతో కొత్త హెడ్డు పోశారు. ఆ హెడ్డు కొద్దిపాటి మార్పులతో అమెరికన్ మస్టాంగ్ ఇంజిను మీద కూర్చుంటుంది. అందుకని అమెరికాలోని ఆరు సిలిండర్ల మస్టాంగ్ యజమానులు డెట్రాయిట్ ఇవ్వనిదాన్ని ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకుంటున్నారు.

ఫోర్డ్ క్లీవ్‌లాండ్ వి8 ఇంజిను కథ కూడా దీనికి తోడే. అమెరికాలో 351 క్లీవ్‌లాండ్ ఇంజిను 1970 నుంచి 1974 దాకా నడిచి ముగిసింది. ఆస్ట్రేలియాలోని జీలాంగ్ ఫౌండ్రీ 1980ల మొదటిదాకా దాన్ని పోసింది. అమెరికాలో లేని 302 ఘనపు అంగుళాల రకం కూడా అక్కడే పుట్టింది. దాని హెడ్లలో దహనపు గది చిన్నది, మూసిన ఆకారంలో ఉంటుంది. 351 మీద పెడితే కుదింపు నిష్పత్తి పెరుగుతుంది. అందుకే ఆస్ట్రేలియాలో మూలపడ్డ ఇంజినుల హెడ్లు పసిఫిక్ దాటి అమెరికా చేరాయి. విదేశీ సామాను అంటే చవకరకం నకలు అన్న అభిప్రాయం బలంగా ఉన్నవాళ్లు ఈ రెండు ఉదాహరణలు గుర్తుంచుకోవాలి. ఇవి నకళ్లు కావు, డెట్రాయిట్ మధ్యలో వదిలేసిన పనికి కొనసాగింపు.

కెనడా సంగతి ఇంకో రకం. 1965లో అమెరికా, కెనడాల మధ్య ఆటోమొబైల్ ఒప్పందం కుదిరేదాకా, సుంకాల కారణంగా కెనడాలో అమ్మే కార్లు చాలామటుకు అక్కడే తయారయ్యేవి. చిన్న మార్కెట్టు కాబట్టి పొదుపు చేశారు: కెనడా పాంటియాక్‌లకు పైన పాంటియాక్ రూపం, కింద చెవ్రొలెట్ ఛాసిస్, చెవ్రొలెట్ ఇంజిను. లారెంటియన్, పారిజియెన్ అన్న పేర్లతో అవి నడిచాయి. అమెరికా పాంటియాక్ కేటలాగు చూసి వీటికి ఇంజిను మౌంటింగో, నీళ్ల పంపో తెప్పిస్తే అది ఏ జన్మకూ బిగదు. కారు ముక్కు మీద రాసిన పేరు చూసి ఆర్డరు పెట్టడమే అక్కడ తప్పు.

ఒంటారియోలోని ఆషావా ఫ్యాక్టరీ నుంచే కుడివైపు స్టీరింగు చెవ్రొలెట్లు ఆస్ట్రేలియా, బ్రిటన్ లాంటి దేశాలకు వెళ్లాయి. కుడివైపుకు ప్రతి ఏడాదీ కొత్త డాష్‌బోర్డు తయారుచేయడం ఖర్చని, 1961 పాంటియాక్ డాష్‌బోర్డునే తిరగేసి, ఆ తర్వాతి సంవత్సరాల చెవ్రొలెట్ ఇంపాలాలకూ పెట్టారు. 1964 ఇంపాలా యజమాని ఆ ఏటి చెవ్రొలెట్ మీటర్ల కోసం వెతికితే దొరికేవన్నీ ఎడమవైపు కార్లవి, తన దాంట్లో పట్టనివి. కుడివైపు స్టీరింగు బాక్సు, పెడళ్ల అమరిక, వైపర్ల లింకులు, డాష్‌బోర్డు అమెరికా కేటలాగుల్లో కనిపించవు. వాటికోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాతసామాను కొట్ల వైపు చూడాలి. మనదేశంలో అమెరికన్ కారు ఉన్నవాళ్లు మొట్టమొదట గ్రహించాల్సిన సంగతి కూడా ఇదే.

జీపు విషయంలో ప్రవాహం పూర్తిగా తిరగబడింది. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్, ఫోర్డ్ జీపుల తొట్టి బాడీలు తుప్పుపట్టిపోతే, అమెరికా, యూరప్‌ల సంరక్షకులు కొత్తవి తెప్పించేది ఎక్కువగా ఫిలిప్పీన్స్ నుంచి. అక్కడి ఎం.డి. హువాన్ సంస్థ తొట్టి బాడీలకు ప్రపంచమంతా పేరుపొందింది. యుద్ధం మిగిల్చిన జీపులనే జీప్నీలనే ప్రయాణికుల బండ్లుగా మార్చుకున్న దేశంలో ఈ నైపుణ్యం నిలబడటం సహజం. మహీంద్రా 1947 నుంచి ముంబయిలో విల్లీస్ జీపులు కూర్చింది, తర్వాత లైసెన్సు మీద తయారుచేసింది. అమెరికాలో సీజే-3బీ రకం 1968లో ఆగిపోయినా ఆ ఎత్తు బానెట్ ముఖం మన ఊళ్లలో, పోలీసు స్టేషన్ల ముందు, తహశీల్దారు ఆఫీసుల ముందు మరో మూడు నాలుగు దశాబ్దాలు కనిపించింది. ఆ జీపు కోసం మనదేశంలో తయారైన విడిభాగాలు ఇప్పుడు అమెరికాలోని పాత జీపుల్లో బిగుస్తున్నాయి.

సామాను తెప్పించే దారి పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో చూడాలంటే క్యూబా వెళ్లాలి. 1960లో మొదలైన అమెరికా ఆంక్షలు 1962 ఫిబ్రవరి నాటికి సంపూర్ణ దిగ్బంధంగా మారాయి. అప్పటికి హవానా వీధుల్లో ఉన్న బ్యూక్‌లు, చెవ్రొలెట్లు, డాడ్జ్‌లకు డెట్రాయిట్‌తో బంధం తెగిపోయింది. దానికి తోడు, విప్లవానికి ముందటి కార్లను మాత్రమే స్వేచ్ఛగా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చన్న నిబంధన 2011 దాకా ఉంది. ఆ కారణంగా పాత అమెరికన్ కారు క్యూబా కుటుంబానికి ఆస్తి, ఉపాధి రెండూ అయింది. మెకానిక్కులు రష్యా లాడా, వోల్గా భాగాలను సర్దారు. పెట్రోలు తాగే వి8 స్థానంలో డీజిలు ఇంజినులు దించారు. దొరకని భాగాన్ని లేతు మీద తిప్పి చేశారు. ప్రవాసంలో ఉన్న బంధువులు ఫ్లోరిడా నుంచి సంచుల్లో కార్బ్యురేటర్ కిట్లు మోసుకొచ్చారు. ప్రదర్శన న్యాయనిర్ణేతలు ఈ కార్లకు అసలుదనం విషయంలో ఒక్క మార్కు కూడా ఇవ్వకపోవచ్చు. అరవై ఏళ్లు రోజూ రోడ్డు మీద తిరిగి అన్నం పెట్టిన యంత్రాల నైపుణ్యాన్ని ఆ మార్కులతో కొలవడం మాత్రం అన్యాయం. గాజుపెట్టెలో పెట్టిన చెవ్రొలెట్ బెల్ ఎయిర్ ఎంత విలువైనదో, హవానాలో డీజిలు పొగ వదులుతూ ప్రయాణికులను ఎక్కించుకునే బెల్ ఎయిర్ కూడా అంతే విలువైనది.

రవాణా, సుంకాల దగ్గర భావోద్వేగాలు పనిచేయవు, లెక్కలే పనిచేస్తాయి. అంతర్జాతీయ కొరియర్లు అసలు బరువును, పెట్టె కొలతలతో వచ్చే బరువును పోల్చి ఎక్కువదానికి ఛార్జి వేస్తాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తారు. బానెట్ పెట్టె 160, 150, 20 సెంటీమీటర్లు అనుకుంటే 96 కిలోలు వస్తుంది. బానెట్ అసలు బరువు అందులో మూడోవంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే రేకులు, బంపర్లు, గుండ్రంగా తిరిగిన ముందు అద్దాలు ఓడ మీద, పదిమంది సామాను కలిసిన కంటైనరులో రావడమే సబబు. చెక్కపెట్టె అయితే అది వేడి శుద్ధి చేసిన చెక్కై, అంతర్జాతీయ ముద్ర ఉండాలి. లేకపోతే రేవులోనే ఆగిపోతుంది. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీలు, రంగులు ప్రమాదకర సరుకు కింద లెక్క.

ఒక్కో దేశం ఒక్కో చోట గేటు పెట్టింది. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు స్థితిలో ఉన్న పాతకారును సేకరణ వస్తువుగా 7 శాతం పన్నుతో దింపుకోవచ్చు. బ్రిటన్‌లో ఇలాంటి కారుకు 5 శాతం. ఆ కారుకే విడిగా తెప్పించే గేరుబాక్సుకు ఈ వెసులుబాటు ఉండదు, మామూలు విడిభాగంగా సుంకం, పూర్తి పన్ను కట్టాలి. స్వీడన్‌లో అమెరికన్ కార్ల మోజు ఎంతంటే, 1978లో మొదలైన వెస్టరోస్ మేళాకు వేసవిలో వేల కార్లు తరలివచ్చేవి. అలాంటిచోట 2018 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి చిన్న పార్శిళ్ల మీద పన్నుతోపాటు తపాలా రుసుము కూడా పడటంతో, పది డాలర్ల స్విచ్చు విడిగా తెప్పించడం అర్థంలేని పనైంది. దాంతో పెద్ద ఆర్డరు కలిపి పెట్టే అలవాటు బలపడింది.

ఆస్ట్రేలియా గేటు అన్నిటికంటే కఠినం, తప్పుపట్టలేనిది కూడా. 2003 డిసెంబరు 31 నుంచి అక్కడ ఆస్బెస్టాస్ పూర్తిగా నిషిద్ధం. 1960ల అమెరికన్ కార్లలో బ్రేకు లైనింగు, క్లచ్ ప్లేటు, గాస్కెట్లు ఆస్బెస్టాస్‌తో చేసినవి ఎన్నో. కారు దిగుమతి చేసేవాళ్లు అలాంటి భాగాలు ఓడ ఎక్కకముందే తీసివేయించాలి. లేదంటే సరిహద్దు సిబ్బంది తమ ఖర్చు వసూలు చేసి పరీక్షలు చేయిస్తారు, కారు నెలల తరబడి ఆగిపోతుంది. పాత కొత్తసామాను పెట్టెల్లో ఉన్న అసలు బ్రేకు షూలు, గాస్కెట్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ సైతం 2024 మార్చిలో క్రైసోటైల్ ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. ఆ ధూళిని పీల్చిన మెకానిక్కుల ఊపిరితిత్తుల గురించి తెలిసినవాళ్లెవరూ ఈ నిబంధన మీద ఫిర్యాదు చేయరు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంతకాలం విదేశీ సామాను తేలిగ్గా వచ్చింది. 800 డాలర్లలోపు పార్శిల్ సుంకం లేకుండా దిగేది. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు అన్ని దేశాలకూ ఆగిపోయింది. చైనా విడిభాగాల మీద 2019 నుంచే 25 శాతం అదనపు సుంకం ఉంది. ఆస్ట్రేలియా హెడ్డుకైనా, తైవాన్ ఫెండరుకైనా ఇప్పుడు సుంకం లెక్క ముందే వేసుకోవాలి. క్రోమ్ విషయంలో కూడా నేల కదులుతోంది. కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు 2023లో ఆమోదించిన నిబంధన ప్రకారం అలంకారపు పూతల్లో షట్‌సంయోజక క్రోమియం వాడకం 2027 జనవరి 1తో ముగియాలి. ఆ రసాయనం కాన్సరు కారకం, నిబంధన న్యాయమైనదే. అయితే లోతైన పాతకాలపు మెరుపు కావాలనుకునే బంపర్లు ఇతర రాష్ట్రాలకో దేశాలకో ప్రయాణం కట్టాల్సి వస్తుంది.

ఇంత ఖర్చు, ఇంత దూరం ఉన్నప్పుడు కారు పుట్టుపూర్వోత్తరాలు తేల్చుకోవడానికి పెట్టే కొద్ది డాలర్లు అన్నిటికన్నా మంచి పెట్టుబడి. 1967, ఆ తర్వాతి ఫోర్డ్‌లకు ఆరిజోనాలోని మార్టీ ఆటో వర్క్స్ దగ్గర కంపెనీ ఉత్పత్తి రికార్డులున్నాయి. గుర్తింపు సంఖ్య పంపితే ఏ రంగు, ఏ యాక్సిల్, ఏ తేదీ అన్నీ వస్తాయి. 1961, ఆ తర్వాతి పాంటియాక్‌లకు పీహెచ్‌ఎస్ అనే సంస్థ అసలు బిల్లు నకలు ఇస్తుంది. ఏ భాగం ఏయే మోడళ్లకు సరిపోతుందో చెప్పే హాలండర్ పుస్తకాలు పాతసామాను కొట్లకు దశాబ్దాలుగా ఆధారం. కాస్టింగు నంబర్లు, తేదీ కోడ్లు ఫోటో తీసి పెట్టుకోవాలి. చెవ్రొలెట్ కార్లు 1955లో, ఫోర్డ్, క్రైస్లర్‌లు 1956లో 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ఒక్క ఏడాది తేడాతో స్టార్టరు, బల్బులు, మీటర్లు పనికిరాకుండా పోతాయి.

మనదేశంలో ఈ తేల్చుకునే పని ఇంకాస్త కష్టం. జనరల్ మోటార్స్ 1928 నుంచి ముంబయిలో, ఫోర్డ్ 1926 నుంచి కొన్ని నగరాల్లో కార్లు కూర్చాయి. స్థానికంగా తయారీ చేపట్టని కంపెనీలు వెళ్లిపోవాలన్న ప్రభుత్వ విధానంతో 1950ల నడుమ రెండూ తప్పుకున్నాయి. హైదరాబాద్ పాతకార్ల సేకర్తల దగ్గర మిగిలిన చెవ్రొలెట్లు, ఫోర్డ్‌ల చరిత్ర ఆ షెడ్లలో మొదలైంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక వీఏ నంబరు ఇస్తాయి, కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేల రూపాయల రుసుము. కారు అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజినులో మార్పులతో కూడిన పెద్ద మరమ్మతు జరగకూడదు. తైవాన్ నుంచి మొత్తం బాడీ దించే ఆలోచన ఇక్కడ మొదట్లోనే తెగిపోతుంది. చిన్న సామాను మాత్రం డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో వస్తూనే ఉంది. బిల్లు దగ్గరుంచుకుని కస్టమ్స్‌కు చెప్పి తెచ్చుకుంటే అదే మేలైన దారి, ముఖ్యంగా బ్రేకు కిట్లకు, కార్బ్యురేటర్ కిట్లకు.

ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1947 నుంచి ముంబయి కుర్లాలో క్రైస్లర్ లైసెన్సుతో కూర్చిన కార్లు ఈ విషయమంతటికీ మంచి పరీక్ష. డాడ్జ్ కింగ్స్‌వే అని ముందు రాసి ఉన్న కారు నిజానికి ప్లిమత్ బాడీ; ఎగుమతి కోసం దానికి డాడ్జ్ ముఖం తగిలించారు. డిసోటో డిప్లొమాట్ కూడా అదే కారు, వేరే ముఖంతో. కాబట్టి తలుపు రబ్బర్లు, వెనక అద్దం, సస్పెన్షన్ బుష్షులు ప్లిమత్ కేటలాగులో వెతకాలి. ఆ కాలపు ఆరు సిలిండర్ల పక్కవాల్వుల ఇంజినును క్రైస్లర్ లారీలకు, పారిశ్రామిక యంత్రాలకు కూడా వాడింది కనుక పిస్టన్ రింగులు, వాల్వులు, గాస్కెట్లు అమెరికాలో ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. కుడివైపు స్టీరింగు అమరికకు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో అడగాలి. గ్రిల్లు, ముందు ఎంబ్లెమ్‌ల కోసం అమెరికాలో ఉన్నవాళ్లను అడిగి లాభం తక్కువ, ఆ ముఖంతో కార్లు అక్కడి వీధుల్లో తిరగలేదు. వాటికి ముంబయి, కోల్‌కతా, చెన్నై పాతసామాను బజార్లే మొదటి చిరునామా.